కొండరైతుకు మన డబ్బు ఎందుకివ్వాలి?

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

రక్షిత ప్రాంతమంటే మనుషులను దూరంగా ఉంచే చోటు కదా, అక్కడ రైతు ఎందుకుంటాడు, అతనికి ప్రభుత్వం డబ్బెందుకిస్తుంది అని మీరు అడిగారు. కంబాలకొండ అభయారణ్యాన్ని చూస్తూ పెరిగిన మీకు ఆ సందేహం రావడం సహజమే. ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్ట్, పీక్ డిస్ట్రిక్ట్ వంటి జాతీయ ఉద్యానాల్లో చాలా భూమి ప్రైవేటు వారిదే. గొర్రెలు మేసే బీళ్లు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, పొదల కంచెలు తరతరాల సేద్యం వల్ల ఏర్పడ్డవే కనుక, రైతు వెళ్లిపోతే కాపాడదలచిన ఆ స్వరూపమే మారిపోతుంది.

అందుకే 2021లో అక్కడ ఇలాంటి ప్రాంతాల రైతులకు ప్రత్యేక పథకం మొదలైంది. అంతకుముందు ఐరోపా సమాఖ్య పద్ధతిలో సాయం ప్రధానంగా విస్తీర్ణాన్ని బట్టి అందేది. పెద్ద కమతానికి పెద్ద మొత్తం. ఈ పథకం మాత్రం పనికి డబ్బిస్తుంది. కూలిన గోడ కట్టినా, వాగు గట్టున చెట్లు నాటినా, నడకదారి బాగుచేసినా సరే, అది వాతావరణం, ప్రకృతి, ప్రజలు, ప్రాంతం అనే నాలుగింటిలో ఒకదానికైనా మేలు చేయాలి. రైతుకు వ్యాపార లాభం కూడా ఉంటే ఖర్చులో కొంత అతనే భరించాలి. పెద్ద దరఖాస్తులను స్థానికుల బృందం పరిశీలిస్తుంది, అందులో రైతులూ ఉంటారు. నాకు బాగా నచ్చింది ఈ ఏర్పాటే. ఏ గోడ ముందు కట్టాలో రాజధానిలోని అధికారికి ఎలా తెలుస్తుంది?

ఇక మన సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయం చేరుతుంది, ఆ నీరు విశాఖ కుళాయిలకు వస్తుంది. కొండవాలున చెట్లు నరికితే వానకు మట్టి కొట్టుకొచ్చి జలాశయం పూడుతుంది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మానులకు మిరియాల తీగ పెంచే రైతు ఆ మట్టిని నిలుపుతున్నాడు. ఆ మేలు మనకు అందుతోంది గాని అతనికి దక్కే కాఫీ ధరలో అది లెక్కకు రాదు.

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు వస్తాయి, అయితే చెట్టు ఉంచినా కొట్టినా మొత్తం ఒకటే. అప్పు తెచ్చుకొమ్మందామంటే, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భూమి వారసులకు చెందుతుందే తప్ప అమ్మడానికి వీల్లేదు. గిరిజనుల భూమి పరుల పాలు కాకుండా ఆ నిబంధన ఉండవలసిందే. కాని అమ్మరాని భూమిని తాకట్టు పెట్టుకుని అప్పిచ్చేవారు అరుదు. అందువల్ల ఇక్కడ అప్పు కంటే పనికి తగిన గ్రాంటే నయమని నా అభిప్రాయం.

ఇంగ్లండు పథకంలో నాకు కనిపించిన లోపం గడువు. మొదట 2024 మార్చి వరకే అన్నారు, తరువాత పొడిగించారు. కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని తొలి కాపు రాదు కనుక, మన మన్యంలో ఇలాంటిది పెడితే ఆ కాలమంతటికీ డబ్బు ముందే కేటాయించి మొదలుపెట్టాలి.

ఇట్లు,
మీ తాతయ్య