శ్రీపెరంబుదూరు ఆకులు ఏ వంశానివి?

చెన్నైలోని తెలుగువాళ్లకు శ్రీపెరంబుదూరు అంటే కార్ల ఫ్యాక్టరీలు, లేదంటే రామానుజులవారు పుట్టిన ఊరు. జియాలజీ చదివినవాళ్లకు మాత్రం అది శిలాజ ఆకుల చోటు. 1863లో పల్లావరం దగ్గర ఆదిమానవుడి రాతి గొడ్డలిని గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇక్కడి రాళ్లనూ సర్వే చేశాడు. ఆ తర్వాత 1879లో ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ మద్రాసు తీరపు శిలాజ మొక్కల మీద పెద్ద నివేదిక వేశాడు. అందులో శ్రీపెరంబుదూరుతో పాటు మన ఒంగోలు వైపు వేమవరం కూడా ఉంది.

వాటిలో ముఖ్యమైనది టిలోఫిల్లమ్. ఈనెకు రెండు వైపులా సన్నటి రెక్కలున్న ఆకు. శేషాచలం కొండల్లో పేరిత చెట్టును చూసినవాళ్లెవరైనా ఇదీ దాని చుట్టమే అనేస్తారు. పేరిత సైకడ్ జాతిది. సైకడ్లంటే ఈత చెట్లలా కనిపించే, పువ్వులు పూయని పాతకాలపు మొక్కలు. ఫైస్ట్‌మాంటెల్ కూడా టిలోఫిల్లమ్‌ను సైకడ్లలోనే చేర్చాడు. ఆ రోజుల్లో ఆకారం తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం.

ఈ చుట్టరికానికి గండి కొట్టింది మైక్రోస్కోపు. ఆకు పైన మైనంలాంటి పలుచని పొర ఉంటుంది, దాన్ని క్యూటికల్ అంటారు. మిగతా ఆకు బొగ్గయిపోయినా అది కోట్ల ఏళ్లు నిలుస్తుంది. 1913లో హామ్‌షా థామస్, నెల్లీ బాన్‌క్రాఫ్ట్ ఆ పొరల్ని పరీక్షించి, ఇలాంటి చాలా ఆకుల్లో పత్రరంధ్రాల చుట్టూ కణాల అమరిక సైకడ్లలో ఉన్నట్టు లేదని చూపించారు. 1932లో శిలాజ మొక్కల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని జార్ఖండ్‌లోని రాజమహల్ కొండల శిలాజాల్ని కలిపి టిలోఫిల్లమ్ ఆకులున్న మొక్కకు పూర్తి రూపం ఇచ్చాడు. దానికి పువ్వులాంటి భాగాలున్నాయి. సైకడ్‌కు ఉండేవి శంకువులు, అంటే పువ్వుల బదులు పుప్పొడిని, విత్తనాల్ని మోసే కోన్‌లు. అలా ఇది బెన్నెటైటేల్స్ అనే అంతరించిన వర్గానికి చెందినదని తేలింది.

అయినా ఇంకా చాలా ఆకుల సంగతి తేలలేదు. డీఎన్ఏ అడుగుదామంటే అది అంతకాలం ఉండదు. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్ఏ గ్రీన్‌లాండ్‌లో దొరికింది. దాని వయసు 20 లక్షల ఏళ్లే. అందుకే స్వీడన్‌లో వివి వైదా బృందం క్యూటికల్ రసాయనాన్నే పట్టుకుంది. పొర మీద ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వేస్తే, లోపలి అణువుల్లోని ఒక్కో రకం బంధం ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని పీల్చుకుంటుంది. ఆ గ్రాఫ్ మొక్కకు వేలిముద్ర లాంటిది. బతికున్న మొక్కల గ్రాఫులతో శిలాజాల గ్రాఫుల్ని పోల్చి 2017లో ఫలితాలు ప్రకటించారు. బెన్నెటైటేల్స్, సైకడ్లు దూరమేనని మళ్లీ తేలింది. అది పాత మాటే. నాకు ఆశ్చర్యం కలిగించింది నిల్సోనియా. అచ్చం సైకడ్ ఆకులా ఉండే ఆ శిలాజం కూడా బెన్నెటైటేల్స్ పక్కకే చేరింది.

అయితే భూమి లోపలి వేడి ఎక్కువైతే పొర రసాయనం మారిపోతుంది. రాతి మీద పొర లేకుండా ఉత్త అచ్చు మాత్రమే మిగిలితే ఇన్‌ఫ్రారెడ్ చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి నమూనాలకు ఇప్పటికీ ఆకారమే ఆధారం.