గిటార్ తయారీలో చిన్న పొరపాట్లు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఒక చిన్న షెడ్డులో చేత్తో అకూస్టిక్ గిటార్లు చేస్తాను. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు అర మిల్లీమీటరు తేడా రాగానే కంగారుపడి చెక్క పక్కన పడేస్తారు, లేదంటే ఆ సందులో జిగురు దట్టిస్తారు. మంచి చెక్క అలా పాడైపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సందు కనిపిస్తే క్లాంప్ ఇంకాస్త బిగిస్తే సరిపోతుంది.

జిగురు ఆరేదాకా చెక్క కదలకుండా పట్టుకోవడమే క్లాంప్ పని. బలవంతంగా వంచి మూసిన సందు, క్లాంప్ తీశాక మళ్లీ తెరుచుకోవాలనే చూస్తుంది. పైగా 6 స్టీల్ తీగలు కలిసి దాదాపు 70 కిలోల బలంతో మెడను లాగుతుంటాయి. చెక్క చెక్కకు తగలాలి. వడ్రంగం పనిలో వాడే తెల్ల జిగురు పల్చటి పొరగా ఉంటేనే గట్టిగా పట్టుకుంటుంది, సందు నింపితే పట్టదు.

మెడ బాడీకి కలిసేచోట జిగురు పెట్టకముందే సరిచూస్తాను. బాడీ అంచుకు రంగు సుద్ద రాసి, మెడను నొక్కి పెట్టి తీస్తాను. సుద్ద ఎక్కడ అంటితే ఆ చోటు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ పదునైన ఉలితో కాగితమంత పొర తీసి, మళ్లీ సుద్ద రాస్తాను. చివర్లో రెంటి మధ్య సాండ్‌పేపర్ పట్టీ పెడతాను. గరుకు వైపు మెడకు తగిలేలా పెట్టి, మెడను నొక్కి పట్టుకుని పట్టీని బయటికి లాగుతాను. కుడివైపు ఐదుసార్లు లాగితే ఎడమవైపూ ఐదే, లెక్క తప్పితే మెడ పక్కకు తిరుగుతుంది. ఈ పనికి ఒక్కోసారి పూటంతా పడుతుంది. పట్టనివ్వండి.

అపోహ: రంపపు పొట్టు, సూపర్ గ్లూ కలిపి పెడితే ఏ సందైనా కనపడకుండా పోతుంది.

ఎబొనీలో నిజమే, నల్లటి చెక్క కాబట్టి అతుకు కలిసిపోతుంది. రోజ్‌వుడ్‌లో చాలావరకు నడుస్తుంది. పైచెక్కకు వాడే లేత రంగు స్ప్రూస్‌లో మాత్రం వద్దు. నా మొదటి గిటార్లలో ఒకదానికి రోజెట్ (పైచెక్క రంధ్రం చుట్టూ ఉండే అలంకార వలయం) పక్కన వెంట్రుకంత సందు వస్తే ఇలాగే నింపాను. జిగురు నార వెంబడి పాకిపోయింది. పాలిష్ పడ్డాక అక్కడ తడి ఆరనట్టు మరక తేలింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఆ తర్వాత నుంచి అదే చెక్కలోంచి సన్నటి పట్టీ తీసి, నార దిశ కలిపి దూరుస్తున్నాను. సూపర్ గ్లూ తప్పనిసరైతే ముందు చుట్టూ లక్క పాలిష్ ఒక పూత వేస్తాను.

అపోహ: స్కేలు (తీగ మోగే పొడవుగా లెక్కేసిన కొలత) 645 మిల్లీమీటర్లయితే సాడిల్ (బాడీ వైపు తీగలు ఆనే సన్నటి పట్టీ) సరిగ్గా 645 దగ్గరే ఉండాలి.

మెట్టు (ఫ్రెట్) మీద నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది. అందుకే సన్న తీగకు సుమారు 2, లావు తీగకు 4 నుంచి 5 మిల్లీమీటర్లు సాడిల్‌ను వెనక్కి జరపాలి. సాడిల్ ఏటవాలుగా ఉండేది అందుకే. వీణకు మెట్లు మైనంలో కూర్చోబెడతారు, శ్రుతి తేడా వస్తే వేడిచేసి జరపొచ్చు. గిటార్‌కు ఆ వెసులుబాటు లేదు. మెట్టు గాడి తప్పుచోట పడితే అదే చెక్క పట్టీతో నింపి, ఆరాక సరైన చోట మళ్లీ కోయాలి.

అపోహ: పక్క చెక్క వంచేటప్పుడు చిట్లితే నాదం పోయినట్టే.

లోపలి నుంచి జిగురుపెట్టి, నారకు అడ్డంగా చిన్న బద్ద అతికిస్తే చాలు. స్పెయిన్‌లో టోర్రెస్ అనే గిటార్ తయారీదారు 1862లో వీపు, పక్కలు అట్టతోనే చేసి గిటార్ కట్టాడు, నాదంలో ముఖ్యమైన పని పైచెక్కదేనని చూపించడానికి.

అపోహ: పైచెక్కకు బలంగా లోపల అతికించే బద్ద ఊడిందంటే జిగురు నాసిరకం.

ముందు తేమ చూడండి. మా ఊళ్లో వానాకాలం తేమ 80 శాతం దాటుతుంది. అప్పుడు అతికించిన పైచెక్క ఏసీ గదిలోకి వెళ్లాక ముడుచుకుంటుంది, బద్ద మాత్రం ముడుచుకోదు. గదిలో తేమ 45-50 శాతం ఉన్న రోజే బద్దలు అతికిస్తాను.

అపోహ: పైచెక్కకు గుంట పడితే దాన్ని చిత్రిక పట్టి తీసెయ్యాలి.

రెండున్నర, మూడు మిల్లీమీటర్ల చెక్కలో అంత తీసేంత మందం ఎక్కడుంది? తడిగుడ్డ వేసి, సోల్డరింగ్ ఐరన్‌తో క్షణం తాకించండి, ఆవిరికి నలిగిన నార పైకి లేస్తుంది. నార తెగిపోతే మాత్రం లేవదు, అక్కడ అతుకు వెయ్యాల్సిందే.