సుగ్గికి పోయే కుటుంబాలు: అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు, పంట కోతల పనులకు వలసపోయే కుటుంబాలతో పనిచేస్తుంటాను. ఆ వలసనే మా వైపు సుగ్గికి పోవడం అంటారు. వాతావరణ మార్పుకూ వలసకూ సంబంధం ఉందనగానే కొన్ని మాటలు పదేపదే ఎదురవుతుంటాయి. ఎక్కువగా చదువుకున్నవాళ్ల నుంచే.

అపోహ: వాతావరణ వలస అంటే సముద్రం పొంగి దేశాలు ఖాళీ అవడం. అది ఎప్పుడో రాబోయే సంగతి.

వాస్తవం: వాతావరణ మార్పు వల్ల 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా ఊరు కదలాల్సి రావచ్చని 2021లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. అయితే వాళ్లంతా సరిహద్దులు దాటేవాళ్లు కాదు, సొంత దేశంలోనే ఒకచోటు నుంచి ఇంకోచోటికి పోయేవాళ్లు. అదెలా ఉంటుందో చూడాలంటే దీపావళి దాటాక మా వైపు రండి. బొలెరోల్లో వంటసామాను, బియ్యం మూటలు, టార్పాలిన్ పట్టలు, వాటి మధ్య పిల్లలు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు పోతారు. చేను గట్టునే గుడారం. పని అయిపోయేదాకా అదే ఇల్లు.

అపోహ: వీళ్లు ఎక్కువ కూలికి ఆశపడి పోతారు, వాతావరణానికి సంబంధం లేదు.

వాస్తవం: వానకూ వలసకూ మధ్యలో అప్పు ఉంటుంది. చాలామందికి కనబడనిది అదే. 2023 ఆగస్టునే తీసుకోండి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో మన దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. అప్పు తెచ్చి పత్తి విత్తనం వేసిన రైతుకు మొలక ఎండితే, మళ్లీ అప్పు తెచ్చి మళ్లీ వేయాలి. పూత మీద ఇంకో బెట్ట, అంటే వాన లేని ఎడం, తగిలితే అదీ పోతుంది. వడ్డీ మాత్రం ఆగదు. ఊళ్లో దొరికే పని పూట గడవడానికి సరిపోతుందేమో గానీ, బాకీ తీరాలంటే ఒక్కసారిగా చేతికొచ్చే డబ్బు కావాలి. అది మిరపకోతల్లోనే దొరుకుతుంది. పైగా కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ఎందుకు పోతున్నారని అడిగితే "డబ్బుల కోసం" అంటారు, నిజమే చెబుతారు. ఆ డబ్బు ఎందుకు అవసరమైందని ఇంకో ప్రశ్న వేస్తే మాట బెట్ట దగ్గరికి వస్తుంది.

అలాగని అంతా వాతావరణం మీదికి నెట్టేయడమూ తప్పే. 2023 ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలు తగ్గే ఏడాది; ఒక్క ఏడాది కరవును మొత్తంగా వాతావరణ మార్పు ఖాతాలో రాయలేం. తుంగభద్ర మా పక్క నుంచే పారుతుంది. మొదట్లో 133 టీఎంసీలు పట్టిన డ్యాం పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీలే పడుతోంది, కాలువ చివరి చేలకు నీళ్లందవు. ఆ పూడికకు మబ్బుల్ని తప్పుపట్టి లాభం లేదు.

అపోహ: బాగా చితికిపోయినవాళ్లే ముందు ఊరు వదులుతారు.

వాస్తవం: కదలడానికీ ఒంట్లో సత్తువ, చేతిలో దారి ఖర్చు, పిలిచే మేస్త్రీ ఉండాలి. ముసలివాళ్లు, జబ్బు మనుషులు, పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు ఊళ్లోనే చిక్కుకుపోతారు. సాయం మొదట చేరాల్సింది వాళ్లకే. వలస లెక్కలు తీసేటప్పుడు వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోరు.

అపోహ: పల్లె జనానికి వాతావరణ మార్పు గురించి ఏమీ తెలియదు.

వాస్తవం: యేల్ యూనివర్సిటీ వాళ్లు మన దేశంలో చేయించి 2022లో విడుదల చేసిన సర్వేలో 54 శాతం మంది దాని గురించి కొద్దిగానే తెలుసన్నారు, లేదా అసలు విననే లేదన్నారు. నాలుగు ముక్కల్లో వివరించాక మాత్రం 84 శాతం మంది అది జరుగుతోందన్నారు. మా రైతులూ అంతే. "నెల వాన ఒక్క రాత్రిలో కురిసి పోతోంది, తర్వాత చినుకు లేదు" అంటారు. 2009 అక్టోబరులో కర్నూలు, మంత్రాలయం మునిగింది ఈ కరవు సీమలోనే కదా.

అపోహ: వలసను ఆపేస్తే సరిపోతుంది.

వాస్తవం: అప్పు తీర్చే దారి చూపకుండా ఆపమనడం అన్యాయం. పోయేవాళ్లు క్షేమంగా పోయి రావాలి, పిల్లల చదువు చెడకూడదు. తల్లిదండ్రులు వలసపోయిన నెలల్లో ఆ పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికే సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. బండ్లు కదిలాక అవి తెరిస్తే ప్రయోజనం ఉండదు, తల్లి అప్పటికే పిల్లల్ని వెంటబెట్టుకుపోయి ఉంటుంది. మీ ఊళ్లో అవసరమైతే సెప్టెంబరులోనే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అర్జీ పెట్టండి. పోబోయే కుటుంబాల పేర్లు, పిల్లల తరగతులు, చూసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నారో లేదో కూడా రాసి జతచేయండి.