పేపర్ కుర్రాళ్ల నుంచి యాప్ డ్రైవర్ల దాకా: ఉద్యోగి అంటే ఎవరు?

యాప్‌ల ద్వారా విడివిడి పనులు చేసుకునే గిగ్ వర్కర్ ఉద్యోగా, స్వతంత్ర కాంట్రాక్టరా అన్న పేచీ స్మార్ట్‌ఫోన్‌తో పుట్టింది కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలెస్ వీధి మూలల్లో నిలబడి పత్రికలు అమ్మినవాళ్ల విషయంలోనే ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేరుకు న్యూస్‌బాయ్స్ గానీ, వాళ్లలో చాలామంది సంసారాలు మోస్తున్న పెద్దవాళ్లు. పేపర్ ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో, ఎక్కడ నిలబడాలో యాజమాన్యాలే చెప్పేవి. సంఘం పెట్టి మాట్లాడదామని వస్తే మాత్రం ‘మీరు మా ఉద్యోగులు కారు’ అన్నాయి.

వాళ్లు ఉద్యోగులేనని 1944లో కోర్టు తేల్చింది. పేరు ఏదైనా, బతుకు ఎవరి చేతిలో ఉందన్నదే చూసింది. మూడేళ్లకే, 1947లో అమెరికా కాంగ్రెస్ టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం తెచ్చి, సంఘాల హక్కులిచ్చే చట్టం నుంచి స్వతంత్ర కాంట్రాక్టర్లను బయటపెట్టింది. కోర్టు ఇచ్చింది మరో దారిలో వెనక్కి పోవడం ఈ కథలో మళ్లీ కనిపిస్తుంది.

1989లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు దోసకాయలు కోసే కుటుంబాల కేసు వచ్చింది. రాబడిలో సగం వాటా ఇస్తున్నాం కాబట్టి వాళ్లు కూలీలు కారని యజమాని వాదన. ఆ మేరకు సంతకాలు కూడా చేయించుకున్నారు. భూమి, పంట యజమానివి, కోసేవాళ్లది రెక్కల కష్టం. సంతకం ఉన్నా వాళ్లు ఉద్యోగులేనంది కోర్టు. నా మటుకు ఈ చరిత్రలో అన్నిటికన్నా తేటగా అర్థమయ్యే తీర్పు ఇదే.

అదే కోర్టు 2018లో డైనమెక్స్ కేసులో ఇంకో అడుగు వేసింది. ఈ కొరియర్ కంపెనీ తన డ్రైవర్లను 2004లో ఉద్యోగుల జాబితా నుంచి కాంట్రాక్టర్లుగా మార్చేసింది. ఇకమీదట పనిచేసే మనిషిని ఉద్యోగిగానే ఎంచాలి, కాదంటే రుజువు చేయాల్సింది కంపెనీయే అని కోర్టు చెప్పింది. అతని మీద తన అజమాయిషీ లేదని, ఆ పని తన అసలు వ్యాపారంలో భాగం కాదని, అతనికి అలాంటి సొంత వ్యాపారం ఉందని మూడూ చూపాలి. ఏబీ-5 పేరుతో ఇది చట్టమై 2020 జనవరి 1 నుంచి అమలైంది. యాప్ కంపెనీలు ఊరుకోలేదు. 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో ప్రచారం సాగించి, ఆ నవంబరులోనే ప్రజల ఓటుతో ప్రపోజిషన్ 22 అనే చట్టాన్ని గెలిపించుకున్నాయి. యాప్ డ్రైవర్లు మళ్లీ కాంట్రాక్టర్లయ్యారు. 2024 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

ప్రపోజిషన్ 22 కనీస వేతనానికి 120 శాతం ఆదాయం హామీ ఇస్తుంది. అయితే అది బుకింగ్ ఒప్పుకున్నప్పటి నుంచి ముగిసే దాకా మాత్రమే. యాప్ ఆన్ చేసుకుని, కారులో కూర్చుని, తర్వాతి పిలుపు కోసం ఎదురుచూసిన సమయం లెక్కలోకి రాదు.

లండన్‌లో సరిగ్గా ఇక్కడే తీర్పు వేరుగా వచ్చింది. ఛార్జీ ఉబర్ నిర్ణయిస్తుంది, షరతులు ఉబర్‌వే, బుకింగులు ఎక్కువగా వదిలేస్తే యాప్ నుంచి బయటకు పంపేది కూడా ఉబరే. ఇవన్నీ చూసి 2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు డ్రైవర్లు ‘వర్కర్లు’ అని తేల్చింది. అక్కడి చట్టంలో అది ఉద్యోగికీ స్వయంఉపాధికీ నడిమి మెట్టు. కనీస వేతనం, జీతంతో సెలవు వస్తాయి. తన ప్రాంతంలో యాప్ ఆన్ చేసి పనికి సిద్ధంగా ఉన్న సమయమంతా పనేనని కూడా కోర్టు చెప్పింది. తీర్పు తర్వాత ఉబర్ కనీస వేతనం ఇస్తామంది గానీ, బుకింగ్ ఒప్పుకున్నప్పటి నుంచే లెక్కగట్టింది. 2023లో ఆహారం చేరవేసే డెలివరూ యాప్ రైడర్ల కేసులో అదే కోర్టు వేరే దారి పట్టింది. తమ బదులు ఇంకొకరిని పంపే వీలుంది కాబట్టి, సంఘం తరఫున బేరమాడే హక్కుకు వాళ్లు అర్హులు కారంది.

స్పెయిన్ 2021లో రైడర్లను ఉద్యోగులుగానే భావించే చట్టం తెచ్చింది. యూరోపియన్ యూనియన్ 2024 ఆదేశంలోనూ ఆ సూత్రమే ఉంది: అజమాయిషీ ఆనవాళ్లు కనిపిస్తే ఉద్యోగే, కాదని నిరూపించే భారం కంపెనీది. సభ్యదేశాలు తమ చట్టాల్లోకి దాన్ని తెచ్చుకోవడానికి పెట్టిన గడువు 2026 డిసెంబరు 2.