బెత్తెడు, జానెడు, మూరెడు

నేతగాళ్ల ఊరు పుట్టపాకలో మా చిన్నమ్మ చిటికి కడుతుంది. అంటే నూలు రంగులో మునగకముందే, గీసుకున్న గుర్తుల ప్రకారం రబ్బరు పట్టీలు బిగించి చుట్టడం. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీలవి. కట్టిన చోట రంగు అంటదు. ఒక్క కట్టు గుర్తు తప్పినా నేసిన చీరలో పువ్వు అంచు చెదురుతుంది. నలభై ఐదు దాటాక ఆమె పనిని ఇంట్లోంచి వాకిట్లోకి మార్చింది. ఎందుకని అడిగితే, "లోపల గీతలన్నీ అలుక్కపోయినట్టున్నయి బిడ్డా. ఎండల కూసుంటె మంచిగనే కనబడుతున్నయి" అంది. పొద్దు వాలితే పని బంద్.

పేపరు చదివేవాళ్లు ఈ కష్టాన్ని కొన్నాళ్లు దాచుకోగలరు, పేపరును కాస్త ముందుకు జరిపితే సరిపోతుంది. చిటికి కట్టేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. రెండు చేతులూ నూలు మీదే ఉండాలి.

దగ్గరివి ఇలా మసకబారడాన్నే చత్వారం అంటాం. సంస్కృతంలో నలభై చత్వారింశత్. ఆ వయసే దీనికి పేరైంది. ఇది జబ్బు కాదు. జుట్టు నెరిసినట్టే, ఎవరినీ వదలదు.

కంటిలోని లెన్స్ చుట్టూ సన్నటి తంతువులు, వాటి వెనక వలయంలాంటి కండరం ఉంటాయి. దూరం చూసేటప్పుడు తంతువులు బిగువుగా ఉండి లెన్స్‌ను పలచగా లాగిపెడతాయి. దగ్గరిది చూడాలంటే కండరం ముడుచుకుంటుంది, వలయం చిన్నదవుతుంది, తంతువులు సడలుతాయి, లెన్స్ తనంతట తానే ఉబ్బుతుంది. కండరం బిగిస్తే తంతువులు వదులవడం తిరకాసుగా అనిపిస్తుంది గానీ, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1855లో చెప్పిన ఈ లెక్కే ఇప్పటికీ ప్రధానంగా నిలిచింది. చిక్కల్లా లెన్స్‌తోనే. చర్మంలా అది పాత కణాలను రాల్చుకోదు. పొర మీద పొర చేరుతూ, లోపలి ప్రోటీన్లు పాతబడుతూ గట్టిపడుతుంది. తంతువులు సడలినా ఉబ్బదు. కంటి వ్యాయామాలతో చత్వారం పోతుందనే వీడియోలను నేను నమ్మనిది ఇందుకే: గట్టిపడ్డ లెన్స్‌ను ఏ కసరత్తూ మెత్తబరచదు.

పంతొమ్మిదో శతాబ్దంలో డచ్చి వైద్యుడు డోండర్స్ ఏ వయసులో ఎంత దగ్గర చూడగలమో కొలిచాడు. ఆ కొలతలు మన చేతి లెక్కల్లో భలే అమరుతాయి. పదేళ్ల పిల్లకు బెత్తెడు దూరంలోనూ అక్షరం స్పష్టం. నలభైకి అది జానెడు, యాభైకి మూరెడు, అరవైకి ఇంచుమించు గజం. అయితే ఇది కన్ను బలమంతా పెడితే అందే హద్దు. గంటల తరబడి పనిచేయాలంటే అందులో సగం బలమే వాడుకోగలం. జానెడు దూరం కనిపిస్తున్నా నలభైల్లోనే తలనొప్పి మొదలయ్యేది అందుకే.

మరి ఎండలో ఎందుకు కనబడుతుంది? వెలుతురెక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది. సన్నటి రంధ్రంలోంచి వచ్చే కిరణాలు తక్కువ చెదురుతాయి. అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం చేసి చూడండి, మసక అక్షరాలు తేటపడతాయి. 2021లో అమెరికా అనుమతించిన పైలోకార్పైన్ చుక్కలు చేసేదీ ఇదే, కంటిపాపను కొన్ని గంటలపాటు కుదించడం. చీకట్లో చూపు తగ్గడం, తలనొప్పి వాటి వెంట ఉంటాయి. మన దేశంలో 2024లో ఇలాంటి చుక్కల మందుకు అనుమతి వచ్చింది. అద్దాలే అక్కర్లేదన్నంత ప్రచారం జరగడంతో వెంటనే నిలిపేశారు.

ఇంతకాలానికీ చవకైన మందు కండ్లద్దాలే. వాడితే చూపు ఇంకా మందగిస్తుందన్నది వట్టి భయం; వాడినా మానినా లెన్స్ గట్టిపడుతూనే ఉంటుంది. 1996–2000 మధ్య మహబూబ్‌నగర్ సహా నాలుగు జిల్లాల్లో జరిగిన కంటి సర్వేలో ముప్పై దాటినవారిలో సగానికి పైగా చత్వారం తేలింది. 2018లో అస్సాం తేయాకు తోటల అధ్యయనం ఒకటి వెలువడింది. నలభై దాటిన 751 మంది కూలీల్లో సగం మందికి ముందుగా అద్దాలిచ్చారు. మిగతావాళ్లతో పోలిస్తే వాళ్ల ఆకు కోత దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఆకు తెంపడానికే అంత తేడా వస్తే చిటికి సంగతేమిటి! నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసే ఆడవాళ్ల భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం యంత్రమే కనిపెట్టారు. కంటికైతే అంత శ్రమ కూడా అక్కర్లేదు, జోడు చాలు.

చిన్నమ్మకు అద్దాలు 2023లో కంటివెలుగు శిబిరంలో వచ్చాయి. పరీక్షప్పుడు నేను చెప్పమన్నది ఒక్కటే: "నూలు నా కండ్లకు మూరెడు దూరముంటది" అని. పని దూరాన్ని బట్టే పవర్. బైఫోకల్ అయితే దగ్గరి భాగం కిందుంటుంది, ఎదురుగా ఉన్న నూలు చూడాలంటే మెడ ఎత్తాలి. ఆమెకు దగ్గరికి మాత్రమే పనికొచ్చే జోడే నయం. సంతలో కొన్న జోడుతోనూ చదవొచ్చు, కాకపోతే రెండు కండ్లకూ ఒకే పవర్ ఉంటుంది, నీటికాసుల్లాంటి (గ్లకోమా) చప్పుడు చేయని జబ్బును ఎవరూ చూడరు.

మా పెద్దనాయనది మరో కథ. డెబ్బైలో ఉన్నట్టుండి అద్దాల్లేకుండా పంచాంగం చదివి, "నా చూపు మల్ల వచ్చింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. వచ్చింది చూపు కాదు, శుక్లం. నడుమ భాగం చిక్కబడ్డ లెన్స్ కిరణాలను ఎక్కువ వంచుతుంది, దగ్గరిది తేలుతుంది, దూరం మసకబారుతుంది. ఆపరేషన్ చేసి దూరపు చూపుకు సరిపోయే కొత్త లెన్స్ పెట్టారు. అదీ ఉబ్బదు. ఇంటికి రాగానే పంచాంగం తెరిచి, చేయి బారచాపి చూసి, మా చిన్నమ్మ జోడు అడిగాడు.