కలరా ఉండలో కరెంటు

చిరంజీవులకు ఆశీస్సులు.

నిన్న మీ నాయనమ్మ పట్టుచీరల పెట్టె తెరిచింది. పోయిన వేసవిలో మడతల్లో వేసిన కలరా ఉండలు శనగగింజంత మిగిలాయి. వాటిని చూడగానే మీ ప్రశ్న గుర్తొచ్చింది: "ఫోను తెరలో వెలిగేవి కర్బన పదార్థాలంటారు కదా, వాటిలో కరెంటు ఎలా పారుతుంది తాతయ్యా?"

కలరా ఉండ అంటే నాఫ్తలీన్. రెండు బెంజీన్ వలయాలు (ఆరేసి కార్బన్ పరమాణువుల గుండ్రాలు) అతుక్కుని పలకలా చదునుగా ఉండే అణువు. అణువు లోపలి బంధాలు గట్టివే గానీ, అణువుకూ అణువుకూ మధ్య ఉన్న ఆకర్షణ చాలా బలహీనం. అందుకే పైపై అణువులు గాలిలోకి లేచిపోయి ఉండ అరిగింది. కంప్యూటర్ చిప్పుల్లో వాడే సిలికాన్ స్ఫటికమంతా గట్టి బంధాల అల్లిక కాబట్టి అందులో ఎలక్ట్రాన్ దూసుకుపోతుంది. నాఫ్తలీన్ వంటి వాటిలో మాత్రం ఛార్జి ఒక అణువు నుంచి పక్క అణువుకు చేతులు మారాలి.

మా చిన్నప్పుడు పెంకుటింటి కప్పు సర్దే రోజున నేల నుంచి కప్పు దాకా మనుషులు వరుసగా నిలబడి పెంకులు అందించేవారు. ఎదురెదురుగా నిలబడితే పని చకచకా సాగేది. ఒకరు పక్కకు తిరిగితే వరుసంతా ఆగేది. అణువుల సంగతీ అంతే. అయిదు వలయాల పెంటసీన్ స్ఫటికంలో అణువులు చేప ముల్లులా ఏటవాలుగా, ఒకదాని ముఖానికి మరొకదాని అంచు తగిలేలా నిలబడతాయి. వాటికి పక్క గుంపులు, అంటే అణువు పక్కన అతికించే చిన్న పరమాణు గుంపులు, తగిలిస్తే ఇటుకల గోడలా ముఖానికి ముఖం ఆని పేర్చుకుంటాయి.

దగ్గరగా ఉంటే చాలదా అంటారేమో. చాలదు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. అణువు మీది ఎలక్ట్రాన్ మేఘం ఒకే ముద్ద కాదు. అలకు ఎత్తూ పల్లమూ ఉన్నట్టు దానికీ ప్లస్, మైనస్ భాగాలుంటాయి (ఇవి అల గుర్తులే, ఛార్జి గుర్తులు కావు). పై అణువు ఎత్తు కింది అణువు ఎత్తు మీద పడితే ఛార్జికి దారి తెరుచుకుంటుంది. పై అణువు కొంచెం జరిగి ఎత్తు మీద పల్లం పడితే, అంత దగ్గరలో ఉన్నా రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, దారి మూసుకుపోతుంది. నానోమీటరులో పదో వంతు జరిగినా కథ మారిపోతుంది.

రుబ్రీన్ అనే ఎర్రని స్ఫటికంలో ఇది కళ్లకు కట్టింది. 2004లో అమెరికాలో పరిశోధకులు రబ్బరు ముద్ర మీద ట్రాన్సిస్టర్‌కు కావలసిన తీగలు అమర్చి, స్ఫటికాన్ని దాని మీద పెట్టి కొలిచారు. తీసి, కొంచెం తిప్పి మళ్లీ పెట్టి కొలిచారు. ఛార్జి చురుకును ఇలా లెక్కిస్తారు: సెంటీమీటరుకు ఒక వోల్టు తోపు ఉంటే సెకనుకు ఎన్ని సెంటీమీటర్లు జరిగింది అని. ఒక దిక్కున 15 దాటింది, దానికి అడ్డంగా 4 చిల్లర. అదే స్ఫటికం, అవే అణువులు, తిప్పినది దిక్కు మాత్రమే! సిలికాన్‌లో ఎలక్ట్రాన్లకు అది సుమారు 1400.

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెనాన్ బావో బృందం పక్క గుంపులున్న పెంటసీన్ ద్రావణాన్ని వెచ్చని పలక మీద, దోశ పిండిని గరిటెతో లాగినట్టు లాగింది. లాగే వేగాన్ని బట్టి అణువులు ఒత్తుకుని ఆరాయి. వాటి మధ్య ఎడం 0.333 నుంచి 0.308 నానోమీటరుకు తగ్గింది. చురుకు 0.8 నుంచి 4.6కు పెరిగింది.

మీ ఫోను తెరలో మాత్రం అణువులను కావాలనే చిందరవందరగా ఉంచుతారు. అక్కడ ఎక్కడా స్ఫటికపు గింజలు లేని నున్నని పొర ముఖ్యం. ఛార్జి దాటాల్సినదీ ఆ పలుచని పొర మందమే కాబట్టి నెమ్మదిగా నడిచినా ఇబ్బంది లేదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. అణువులు కుదురుగా ఉండవు, వేడికి వణుకుతూనే ఉంటాయి. నిచ్చెన ఊగుతుంటే పెంకు అందించడం ఎంత కష్టం! 1985లో స్టుట్‌గార్ట్‌లో వార్టా, కార్ల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అతి శుద్ధమైన నాఫ్తలీన్ స్ఫటికాన్ని చల్లబరుస్తూ కొలిచారు. గది వేడిమిలో 1 చుట్టుపక్కల ఉన్న చురుకు, గడ్డకట్టే చలిని ఎంతో దాటాక వందల్లోకి చేరింది. అది మన పెట్టెలోని కలరా ఉండ పదార్థమే. సంక్రాంతికి వచ్చినప్పుడు కొత్త ఉండ ఒకటి మీ చేతికిస్తాను, వాసన చూసి చేతులు కడుక్కోండి, నోట్లో మాత్రం పెట్టుకోకండి.

మీ తాతయ్య