ఉప్పును తట్టుకునే ఫంగస్‌ల ఎంజైమ్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఉప్పు ఎక్కువుంటే బూజు పట్టదు.

వాస్తవం: ఎండుచేపల మీద గోధుమరంగు చుక్కలు చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. అది వాలేమియా అనే ఫంగస్ పని. దాని జాతుల్లో ఇక్తియోఫాగాకు దాదాపు 10 శాతం ఉప్పు లేనిదే పెరుగుదలే ఉండదు. స్లొవేనియాలోని సెచోవ్లే ఉప్పు మడుల్లో ఉండే హోర్టియా వెర్నెకీ అనే నల్ల ఈస్ట్ అయితే ఉప్పు లేకున్నా, 30 శాతం ఉన్నా పెరుగుతుంది.

అపోహ: ఫంగస్ ఉప్పును తట్టుకుంటే దాని ఎంజైమ్‌లూ (రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్లు) తట్టుకుంటాయి.

వాస్తవం: ఫంగస్‌ను ఉప్పగా ఉండే మడ అడవుల మట్టి నుంచి తీశాం కాబట్టి ఎంజైమ్ కూడా గట్టిదేనని ప్రాజెక్ట్ రిపోర్టుల్లో రాసేస్తుంటారు. పరీక్ష చేయకుండా ఆ మాట అనకూడదు. ఈ ఫంగస్‌లు కణంలో ఉప్పు పేరుకోనివ్వవు. బదులుగా గ్లిజరాల్ అనే తియ్యటి పదార్థాన్ని నింపుకుని నీరు బయటికి పోకుండా చూసుకుంటాయి. అందుకే లోపలి ఎంజైమ్‌లకు బయటి ఉప్పు సెగ పెద్దగా తగలదు. తట్టుకోవాల్సినవి బయటికి వదిలేవే, వాటిలోనూ తేడాలుంటాయి.

సోయా సాస్ తీసుకోండి. కోజి ఫంగస్ ఆస్పర్జిల్లస్ ఒరైజే పెరిగిన సోయా, గోధుమలను 16-18 శాతం ఉప్పునీటిలో నెలల తరబడి ఊరబెడతారు. ఆ ఉప్పులో ఫంగస్ ఎదగదు. అది ముందే వదిలిన ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్‌లు) మాత్రం మందకొడిగానైనా పనిచేస్తూనే ఉంటాయి. అదే ఫంగస్ వదిలే గ్లుటామినేజ్ అనే మరో ఎంజైమ్ అలా కాదు, ఉప్పు తగలగానే చతికిలబడుతుంది. సాస్‌కు రుచినిచ్చే గ్లుటామిక్ ఆమ్లం తయారీలో దాని పాత్ర ఉంది కాబట్టే, ఉప్పును తట్టుకునే గ్లుటామినేజ్ కోసం ఇంత వెతుకులాట. ఒకే ఫంగస్, ఒకే తొట్టి, రెండు ఎంజైమ్‌ల తీరు మాత్రం వేరు.

అపోహ: ఏ ఉప్పయినా ఒకటే.

వాస్తవం: కాదు. బట్టల నూలుకు గట్టిగా అతుక్కునే రియాక్టివ్ రంగుల అద్దకంలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వాడతారు, అది మురుగునీటిలోకి చేరుతుంది. మామూలు ఉప్పు వాడితే అందులోని క్లోరైడ్, ఆ నీటిలో మిగిలిన రంగును విరగ్గొట్టే లాకేజ్ ఎంజైమ్‌లోని రాగి దగ్గర అడ్డుపడుతుంది. సోడియం సల్ఫేట్ వాడితే ఇబ్బంది చాలా తక్కువ. కాబట్టి "ఎంత ఉప్పు" కన్నా ముందు "ఏ ఉప్పు" అని అడగాలి.

అపోహ: ఎంజైమ్ కోసం ఫ్యాక్టరీలో ఉప్పును తట్టుకునే ఆ ఫంగస్‌నే ఉప్పునీటిలో పెంచుతారు.

వాస్తవం: పెంచవచ్చు, కానీ ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండదు. క్లోరైడ్ ఫంగస్‌ను పెంచే స్టెయిన్‌లెస్ స్టీల్ తొట్టికి (ఫెర్మెంటర్‌కు) గుంటలు పెడుతుంది. అందుకే ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువును ఆస్పర్జిల్లస్ నైజర్‌లోకో, పిచియా ఈస్ట్‌లోకో ఎక్కించి ఉప్పు లేని మీడియంలో (పోషక ద్రావణంలో) ఎంజైమ్‌ను తీయడమే మేలు. కొత్త ఆతిథేయి, అంటే జన్యువును ఎక్కించుకున్న జీవి, ఎంజైమ్‌కు తగిలించే చక్కెర గొలుసులు మారిపోవచ్చు. అందుకని ఉప్పు పరీక్ష మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే.